అమెరికాలో జూనియర్ కళాశాల బేస్‌బాల్

ఈ వ్యాసం అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని రెండేళ్ల కళాశాలలలో ఆడే బేస్‌బాల్ గురించి. ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో ఇంటర్మీడియట్ బోధించే జూనియర్ కళాశాలలు వేరు.

జూనియర్ కళాశాల బేస్‌బాల్ అనగా అమెరికాలో ఉన్నత పాఠశాల ముగించిన విద్యార్థులు రెండేళ్ల కళాశాలలో చదువుకుంటూ ఆడే బేస్‌బాల్ పోటీల వ్యవస్థ. వాడుకలో దీనిని జూకో బేస్‌బాల్ అని అంటారు. ఈ కళాశాలలలో చేరిన ఆటగాళ్లలో పలువురి గమ్యం అక్కడితో ఆగదు. కొందరు రెండేళ్ల తరువాత నాలుగేళ్ల విశ్వవిద్యాలయానికి మారతారు, కొందరు వృత్తి క్రీడాకారులవుతారు, ఎక్కువమంది ఆట విడిచి చదువు లేదా ఉద్యోగం చూసుకుంటారు. జట్టును, శిక్షకులను, మైదానాన్ని, ఆటగాళ్ల చదువు చూసే సలహాదారులను కలిపి అక్కడ ప్రోగ్రాం అని వ్యవహరిస్తారు. పదిహేడు, పద్దెనిమిదేళ్ల విద్యార్థికి ఏ ప్రోగ్రాం తగినది అనే ప్రశ్నకు సమాధానం ఆ జట్టు గెలిచిన కప్పుల కంటె, అక్కడ రెండేళ్లు గడిపినవారు తరువాత ఎక్కడ తేలారు అనే విషయంలో ఎక్కువగా దొరుకుతుంది.

పేరు

అమెరికాలో పన్నెండవ తరగతి వరకు పాఠశాలలోనే చదువుతారు. జూనియర్ కళాశాల ఆ తరువాత వచ్చేది. అనగా మన డిగ్రీలో మొదటి రెండు సంవత్సరాలకు సమానమైనది. నేడు ఈ సంస్థలలో అధికభాగం కమ్యూనిటీ కళాశాల అనే పేరుతో ఉన్నవి. ఆటల రంగంలో మాత్రం పాత పేరే నిలిచిపోయినది. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలలోని పిల్లవాడు జూనియర్ కాలేజీలో చేరాడని విన్న స్వదేశంలోని బంధువులు, అతడు మళ్లీ ఇంటర్మీడియట్ చదువుతున్నాడని పొరబడడానికి ఆస్కారం ఉన్నది. నాలుగేళ్ల కళాశాలలో చోటు రానివారే అక్కడ చేరతారన్న చిన్నచూపు అమెరికాలో కూడా లేకపోలేదు. క్రింద చెప్పబోయే ఆటగాళ్ల చరిత్ర ఆ అభిప్రాయాన్ని బలపరచదు.

సంఘాలు, పోటీలు

అమెరికాలో నేటికీ నడుస్తున్న మొదటి ప్రభుత్వ జూనియర్ కళాశాల ఇల్లినాయ్ రాష్ట్రంలోని జోలియట్‌లో 1901లో ప్రారంభమైనది. ఇటువంటి కళాశాలల ఆటలను నిర్వహించే నేషనల్ జూనియర్ కాలేజ్ అథ్లెటిక్ అసోసియేషన్ 1938లో ఏర్పడినది. దీనిని ఎన్.జె.సి.ఎ.ఎ. అంటారు. ఇందులో మూడు డివిజన్లు ఉన్నవి. మొదటి డివిజను కళాశాలలు ఆటగాడికి బోధన రుసుము, పుస్తకాలు, వసతి, భోజనం అన్నిటికీ సరిపడే క్రీడా ఉపకార వేతనం ఇవ్వవచ్చును. రెండవ డివిజనులో వసతి, భోజనాల ఖర్చు ఉపకార వేతనంలో చేరదు. మూడవ డివిజనులో క్రీడా ఉపకార వేతనమే లేదు.

కాలిఫోర్నియా కళాశాలలు ఈ సంఘంలో లేవు. వందకు పైగా కమ్యూనిటీ కళాశాలలు గల ఆ రాష్ట్రానికి సొంత సంఘం కలదు, అక్కడ క్రీడా ఉపకార వేతనం ఇవ్వరు. వాషింగ్టన్, ఆరెగాన్ ప్రాంతపు కళాశాలలకు మరొక సంఘం ఉన్నది. కావున ఒక కళాశాల గురించి విచారించేటప్పుడు అది ఏ సంఘంలో, ఏ డివిజనులో ఉన్నదో ముందుగా తెలుసుకొనవలెను. తక్కిన నియమాలు చాలావరకు దానిని బట్టి ఉంటాయి.

ఎన్.జె.సి.ఎ.ఎ. మొదటి డివిజను జాతీయ పోటీ 1958లో ఓక్లహోమా రాష్ట్రంలోని మయామి పట్టణంలో ప్రారంభమై, మరుసటి సంవత్సరం కొలరాడో రాష్ట్రంలోని గ్రాండ్ జంక్షన్‌కు మారినది. అప్పటినుండి మే నెల చివర ఆ చిన్న నగరంలోనే జరుగుతూ ఉన్నది. రెండుసార్లు ఓడిన జట్టు నిష్క్రమించే పద్ధతిలో పది జట్లు పోటీపడతాయి. వృత్తి జట్ల పరిశీలకులకు ఇది ముఖ్యమైన సంత.

ప్రసిద్ధులైన ఆటగాళ్లు

1947లో బ్రూక్లిన్ డాడ్జర్స్ జట్టులో ఆడి, ఆధునిక కాలపు మేజర్ లీగ్‌లో వర్ణ వివక్ష గోడను బద్దలు కొట్టిన జాకీ రాబిన్సన్ తొలుత పాసడీనా జూనియర్ కళాశాల విద్యార్థి. మిన్నెసోటా ట్విన్స్ ఆటగాడు కర్బీ పకెట్ ఇల్లినాయ్‌లోని ట్రైటన్ కళాశాల నుండి 1982లో ఎంపికైనాడు. కాన్సస్ సిటీలోని మేపుల్ వుడ్స్ కమ్యూనిటీ కళాశాలలో ఒక్క సంవత్సరం ఆడిన ఆల్బర్ట్ పుహోల్స్‌ను 1999లో సెయింట్ లూయీ కార్డినల్స్ జట్టు 13వ విడతలో తీసుకొన్నది. 2022లో విరమించేనాటికి అతడు కొట్టిన హోమ్ రన్లు 703.

బ్రైస్ హార్పర్ ఉదంతం ప్రత్యేకమైనది. ఇతడు ఉన్నత పాఠశాలను రెండేళ్లు ముందుగా ముగించి, సమానార్హత పరీక్ష రాసి, 2010లో కాలేజ్ ఆఫ్ సదరన్ నెవాడా జట్టులో ఆడినాడు. ఆ కళాశాల ఆడే పోటీల్లో లోహపు బ్యాటుకు బదులు వృత్తి క్రీడలో వలె కొయ్య బ్యాటు వాడేవారు. పదిహేడేళ్ల వయసులో అతడు ఆ కొయ్య బ్యాటుతో 31 హోమ్ రన్లు కొట్టి, అదే సంవత్సరం జాతీయ ఎంపికలో మొట్టమొదటి ఆటగాడిగా వాషింగ్టన్ నేషనల్స్ జట్టుకు వెళ్లినాడు.

హార్పర్ ఈ దారి ఎన్నుకొనడానికి కారణం ఎంపిక నియమాలలో ఉన్నది. నాలుగేళ్ల కళాశాలలో చేరిన ఆటగాడిని మూడేళ్ల చదువు పూర్తయ్యే వరకు, లేదా ఇరవై ఒకటవ ఏడు వచ్చే వరకు, వృత్తి జట్లు ఎంపిక చేయరాదు. జూనియర్ కళాశాల ఆటగాడికి ఆ నిరీక్షణ లేదు. పూర్వం వృత్తి జట్టు ఒక కుర్రవాడిని ఎంపిక చేసి, అతడిని ఒక సంవత్సరం జూనియర్ కళాశాలలో ఆడనిచ్చి, ఆ తరువాత ఒప్పందం చేసుకొనే పద్ధతి కూడా ఉండెడిది. న్యూయార్క్ యాంకీస్ జట్టుకు పేరు తెచ్చిన ఆండీ పెటిట్, హోర్హే పొసాడా ఇద్దరూ 1990లో ఎంపికై 1991లో ఒప్పందం చేసుకొన్నది ఈ విధంగానే. 2007లో రద్దయిన ఈ పద్ధతి 2022 నుండి పరిమిత రూపంలో తిరిగి వచ్చినది.

అయితే ఈ పేర్లను కళాశాల ప్రచార పత్రంలో చూసినప్పుడు ఒక లెక్క గుర్తుంచుకొనవలెను. పెటిట్ ఎంపికైనది 22వ విడతలో, పొసాడా 24వ విడతలో. మయామి-డేడ్ కమ్యూనిటీ కళాశాలలో ఆడిన మైక్ పియాజా 1988లో 62వ విడతలో ఎంపికై తరువాత హాల్ ఆఫ్ ఫేమ్‌కు చేరినాడు. 2021 నుండి ఎంపికలో ఉన్నవి 20 విడతలు మాత్రమే. ఆ ముగ్గురికి తెరుచుకొన్న తలుపులు నేడు లేవు. కావున నేటి విద్యార్థి విషయంలో వృత్తి జట్టు ఆశ కంటె నాలుగేళ్ల విశ్వవిద్యాలయానికి మారే దారియే ముందు చూడదగినది. శాన్ హసింటో కళాశాల నుండి టెక్సస్ విశ్వవిద్యాలయానికి మారి, 1983లో అక్కడ జాతీయ విజేత జట్టులో ఆడిన రోజర్ క్లెమెన్స్ వెళ్లిన దారి అదే.

క్రెడిట్ల లెక్క

ఆటగాళ్లు ఎక్కువగా దెబ్బతినేది మైదానంలో కాదనవచ్చును. అమెరికాలో ప్రతి పాఠ్యాంశానికి కొన్ని క్రెడిట్లు ఉంటాయి. రెండేళ్ల అసోసియేట్ పట్టాకు సుమారు 60, నాలుగేళ్ల పట్టాకు సుమారు 120 క్రెడిట్లు కావలెను. విశ్వవిద్యాలయ క్రీడలను నిర్వహించే ఎన్.సి.ఎ.ఎ. సంఘపు మొదటి డివిజనులో, మూడవ సంవత్సరంలో అడుగుపెట్టే ఆటగాడు తాను చదవబోయే పట్టాకు కావలసిన క్రెడిట్లలో నూటికి నలభై వంతులు అప్పటికే పూర్తిచేసి ఉండవలెనని నియమం. 120 క్రెడిట్ల పట్టాకు ఇది 48 అవుతుంది.

ఇక్కడ "తాను చదవబోయే పట్టాకు" అన్న మాట ముఖ్యము. ఒక విద్యార్థి రెండేళ్లలో 60 క్రెడిట్లు సంపాదించినాడనుకొందాము. అతడు ఇంజనీరింగుకు మారదలిస్తే, ఆ విశ్వవిద్యాలయం వాటిలో 40 క్రెడిట్లనే ఆ పట్టాకు లెక్కవేయవచ్చును. మిగిలిన 20 వృథా కావు, కాని ఆ పట్టాకు పనికిరావు. అప్పుడు పట్టా విషయమైనా మార్చుకొనవలెను, ఆటనైనా వదులుకొనవలెను. పాఠశాల స్థాయి లోటును పూడ్చే ప్రాథమిక తరగతులు ఈ లెక్కలోకి రావు. వ్యాయామ తరగతుల క్రెడిట్లలో కొద్దిపాటివే చెల్లుతాయి. దీనికి తోడు మారబోయే ఆటగాడికి సగటు గ్రేడు నాలుగింటికి 2.5 ఉండవలెను. ఉన్నత పాఠశాలలోనే ఎన్.సి.ఎ.ఎ. అర్హత పొందనివారికి నియమాలు ఇంకా కఠినమైనవి. అట్టివారు అసోసియేట్ పట్టా పూర్తిచేయవలెను, ఆంగ్లము, గణితము, విజ్ఞానశాస్త్రాలలో నిర్ణీత క్రెడిట్లు చూపవలెను.

ఒక ప్రోగ్రాంలో ఆటగాళ్ల చదువు చూసే సలహాదారు ప్రత్యేకంగా ఉన్నారా, మొదటి సెమిస్టరులోనే పాఠ్యాంశాల పట్టిక గీసి ఇస్తారా అని అడగడం ఇందువల్లనే అవసరము. ఆటగాడిని మైదానంలో నిలుపుకొనడానికి సులభమైన తరగతులలో చేర్పించే సలహాదారు, రెండేళ్ల తరువాత అతడి చేతికి చెల్లని నాణేలు ఇచ్చి పంపినట్లే. కాలిఫోర్నియాలో ఏ కమ్యూనిటీ కళాశాల పాఠ్యాంశం ఏ రాష్ట్ర విశ్వవిద్యాలయంలో చెల్లుతుందో చూపే ప్రభుత్వ పట్టిక అసిస్ట్ పేరుతో అందుబాటులో ఉన్నది. ఫ్లోరిడా, టెక్సస్ రాష్ట్రాలలో పాఠ్యాంశాలకు రాష్ట్రమంతటా ఉమ్మడి సంఖ్యలు ఉన్నవి. ఒక రాష్ట్రం దాటి మరొక రాష్ట్రానికి మారదలచినవారికి ఈ సౌకర్యం లేదు, వారు ప్రతి పాఠ్యాంశాన్ని విడిగా విచారించుకొనవలెను.

జట్టు జాబితాను చదవడం

ప్రతి కళాశాల తన జట్టు జాబితాను, ఆట గణాంకాలను ప్రచురిస్తుంది. శిక్షకుని మాటల కంటె ఈ జాబితా ఎక్కువ నిజం చెబుతుంది. మొదట చూడవలసినది సంఖ్య. మైదానంలో ఒకసారికి ఆడేది తొమ్మిదిమంది, బ్యాటింగుకు మాత్రమే వచ్చేవాడిని కలిపితే పదిమంది. ముప్పై అయిదు మంది ఉన్న జట్టు ఉన్నది, యాభైకి మించిన జట్టూ ఉన్నది. పెద్ద జాబితాకు ఒక కారణం ఆర్థికము: ఆటగాడు చెల్లించే రుసుము కళాశాలకు ఆదాయం. ఇందులో మోసమేమీ లేదు గాని, నలభై ఎనిమిదవ ఆటగాడిగా చేరేవాడు ఆ సంగతి తెలిసి చేరవలెను.

పిచ్చర్ల విషయంలో చిన్న లెక్క వేయవచ్చును. క్రికెట్‌లో బౌలర్ వంటివాడు పిచ్చర్. మొదటి డివిజను జట్టు వసంతకాలంలో 56 ఆటల వరకు ఆడవచ్చును. ఏడు ఇన్నింగ్స్, తొమ్మిది ఇన్నింగ్స్ ఆటలను కలిపి సగటున ఎనిమిది అనుకొంటే, మొత్తం సుమారు 450 ఇన్నింగ్స్. జట్టులో 25 మంది పిచ్చర్లు ఉంటే సమానంగా పంచినా ఒక్కొక్కరికి 18 ఇన్నింగ్స్ వస్తాయి. ఆచరణలో సమానంగా పంచరు. మొదటి ఆరేడుగురు అధికభాగం విసురుతారు, తక్కినవారు కంచె పక్కన కూర్చుంటారు. గత సంవత్సరపు గణాంకాలలో మొదటి సంవత్సరం విద్యార్థులు ఎన్ని ఇన్నింగ్స్ విసిరినారో చూస్తే కొత్తవారికి చోటు ఇచ్చే జట్టు ఏదో తెలుస్తుంది.

రెండవది, రెండు సంవత్సరాల జాబితాలను పక్కపక్కన పెట్టి చూడడం. నిరుడు మొదటి సంవత్సరంలో ఉన్నవారిలో ఈ ఏడు రెండవ సంవత్సరానికి ఎందరు మిగిలినారు? ఇరవై అయిదు మందిలో ఎనిమిదిమందే కనిపిస్తే, మిగిలిన పదిహేడుగురు ఏమైనారని శిక్షకుని అడగడంలో తప్పు లేదు. కొందరు ముందుగానే మంచి విశ్వవిద్యాలయానికి మారి ఉండవచ్చును. కొందరు చదువులో తప్పి ఉండవచ్చును. కొందరిని శరత్కాల సాధన తరువాత జట్టు నుండి తీసివేసి ఉండవచ్చును. సమాధానం పేరు పేరునా చెప్పగల శిక్షకుడు ఒక రకము, మాట దాటవేసేవాడు మరొక రకము.

మూడవది, జట్టు నుండి వెళ్లినవారి పట్టిక. "మా ఆటగాళ్లు ఎందరో పై కళాశాలలకు వెళ్లినారు" అనే వాక్యానికి విలువ తక్కువ. ఏ కళాశాలకు, ఏ డివిజనుకు, వెళ్లిన తరువాత ఆడినారా, పట్టా పుచ్చుకొన్నారా అనేవి తెలియవలెను. అక్కడ ఆడుతున్న ఒకరిద్దరు పూర్వ విద్యార్థులతో మాట్లాడడం అన్నిటికంటె ఉపయోగకరము. శిక్షకుడు ఎంపిక చేసి ఇచ్చిన పేర్లతోనే సరిపెట్టుకొనక, పాత జాబితాలో ఆట మానినవారిని కూడా అడగడం మంచిది.

పిచ్చరు చేయి

జూనియర్ కళాశాలలలో ఒకే రోజు రెండు ఆటలు, వారాంతంలో నాలుగు ఆటలు పెట్టడం సాధారణము. గెలవవలెనన్న తొందరలో ఉన్న శిక్షకుడు తన మంచి పిచ్చరును విశ్రాంతి లేకుండా వాడే ప్రమాదం ఇక్కడ ఉన్నది. మోచేతి లోపలి లిగమెంటు తెగితే చేసే శస్త్రచికిత్సను, మొదట చేయించుకొన్న ఆటగాడి పేరుతో టామీ జాన్ శస్త్రచికిత్స అంటారు. దీనిని 1974లో వైద్యుడు ఫ్రాంక్ జోబ్ తొలిసారి చేసినాడు. దీని తరువాత పిచ్చరు పోటీలకు తిరిగి రావడానికి సంవత్సరం నుండి ఏడాదిన్నర పడుతుంది. రెండేళ్ల కళాశాల జీవితంలో అది దాదాపు సర్వస్వము.

ఒక ఆటలో పిచ్చరు విసిరిన బంతులెన్ని, మళ్లీ ఎన్నాళ్లకు విసిరినాడు అనే వివరాలు చాలావరకు ఆట నమోదు పత్రాలలోనే దొరుకుతాయి. 120 బంతులు విసిరినవాడు మూడవ రోజున మళ్లీ మైదానంలో కనిపిస్తే, ఆ శిక్షకునికి అప్పగించే చేయి ఎవరిదైనా ఆలోచించవలెను. గాయాలు చూసే శిక్షణ పొందిన ట్రైనర్ సాధనకు, ఆటలకు హాజరవుతారా, గాయపడిన ఆటగాడి ఉపకార వేతనం మరుసటి సంవత్సరం కొనసాగుతుందా, వైద్య బీమా ఎవరిది అనే ప్రశ్నలు తల్లిదండ్రులు అడగవలసినవి. కొడుకు తరచుగా ఇవి అడగడు.

డబ్బు, వసతి

మొదటి, రెండవ డివిజన్లలో ఒక బేస్‌బాల్ జట్టు గరిష్ఠంగా 24 మందికి ఉపకార వేతనం ఇవ్వవచ్చును. ఇవ్వవచ్చునని నియమమే గాని ఇస్తారని కాదు. నిధులు లేని కళాశాల కొద్దిమందికే ఇస్తుంది, లేదా పుస్తకాల ఖర్చు మాత్రమే భరిస్తుంది. స్థానికులకు, రాష్ట్రంలోని ఇతరులకు, పొరుగు రాష్ట్రాలవారికి బోధన రుసుము వేరువేరుగా ఉంటుంది. పొరుగు రాష్ట్రంలో సగం ఉపకార వేతనం కంటె సొంత ఊరి కళాశాలలో ఏమీ లేకపోవడమే చౌక కావచ్చును.

చాలా కమ్యూనిటీ కళాశాలలకు వసతిగృహాలు లేవు. ఆటగాళ్లు నలుగురైదుగురు కలిసి ఇల్లు అద్దెకు తీసుకొని, వండుకొని తింటారు. సాధన, తరగతులు, బస్సు ప్రయాణాల మధ్య వండుకొనడం కుదరనివారు బరువు తగ్గిపోతారు, ఆట తగ్గిపోతుంది. కళాశాలను చూడడానికి వెళ్లినప్పుడు మైదానంతో పాటు ఆటగాళ్లు ఉండే ఇల్లు, వారి వంటగది కూడా చూడడం మంచిది.

వాతావరణం కూడా లెక్కలోనిదే. టెక్సస్, ఫ్లోరిడా, అరిజోనాలలో జనవరి చివరనుండే ఆటలు మొదలవుతాయి. ఉత్తరాది జట్లు మార్చి వరకు పైకప్పు కింద సాధన చేసి, మొదటి ఆటలకు దక్షిణాదికి బస్సులలో పోవలసి ఉంటుంది.

శిక్షకుడు

జూనియర్ కళాశాలలో శిక్షకుని స్థిరత్వం అరుదు, విలువైనది. శాన్ హసింటో కళాశాలను వేన్ గ్రాహం 1985 నుండి 1990 లోపు ఐదుసార్లు జాతీయ విజేతగా నిలిపి, తరువాత రైస్ విశ్వవిద్యాలయానికి వెళ్లి 2003లో అక్కడ కూడా జాతీయ విజయం సాధించినాడు. మంచి శిక్షకుడు వెళ్లిపోయే అవకాశం ఎప్పుడూ ఉంటుందని ఇది చెబుతున్నది. వ్యక్తిని చూసి చేరిన విద్యార్థి, ఆ వ్యక్తి లేకున్నా తనకు ఆ కళాశాల పనికివస్తుందా అని ఆలోచించుకొనవలెను. సహాయ శిక్షకులు పూర్తికాలం ఉద్యోగులా, రోజూ సాధనకు ఉంటారా అన్నది కూడా తెలుసుకొనదగినది.

సంతకం, మారుతున్న నియమాలు

ఎన్.జె.సి.ఎ.ఎ. కళాశాలతో ఆటగాడు చేసుకొనే అంగీకార పత్రం ఒక విద్యాసంవత్సరానికి చెల్లుతుంది. దీనిపై సంతకం చేసినవాడు ఆ సంవత్సరం అదే సంఘంలోని మరొక కళాశాలకు ఆడడానికి మొదటి కళాశాల విడుదల కావలెను. నోటితో ఇచ్చిన హామీలు ఈ పత్రంలోకి రావు. ఉపకార వేతనం ఏ ఖర్చులకు వర్తిస్తుందో పత్రంలో రాసి ఉన్నదా అని చూసిన తరువాతనే సంతకం చేయవలెను.

విశ్వవిద్యాలయాల వైపు నియమాలు ఇటీవల వేగంగా మారినవి. చిరకాలంగా జూనియర్ కళాశాలలో ఆడిన సంవత్సరాలను కూడా ఎన్.సి.ఎ.ఎ. ఆటగాడికి అనుమతించిన సంవత్సరాలలో లెక్కవేసేది. వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయపు ఫుట్‌బాల్ ఆటగాడు డియేగో పావియా దీనిపై కోర్టుకు వెళ్లగా, 2024 డిసెంబరులో టెన్నెసీలోని ఫెడరల్ న్యాయమూర్తి అతడికి అనుకూలంగా తాత్కాలిక ఉత్తర్వు ఇచ్చినాడు. దరిమిలా అదే స్థితిలో ఉన్న ఇతర ఆటగాళ్లకు 2025-26 సంవత్సరానికి సంఘం మినహాయింపు ప్రకటించినది. దీనివల్ల జూనియర్ కళాశాల నుండి వచ్చినవారిలో కొందరికి మరొక సంవత్సరం దొరికినది.

దీనికి ఎదురుగా మరొక మార్పు జరిగినది. 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన హౌస్ ఒప్పందం ప్రకారం, అందులో చేరిన మొదటి డివిజను విశ్వవిద్యాలయాల బేస్‌బాల్ జట్టులో 34 మందికి మించి ఉండరాదు. జట్టుకు 11.7 ఉపకార వేతనాలు అనే పాత పరిమితి వారికి తొలగిపోయినది. ఉపకార వేతనం పొందగలవారు పెరిగినారు, జట్టులో చోట్లు తగ్గినవి. అక్కడ చోటు దొరకనివారు జూనియర్ కళాశాలల వైపు వస్తున్నందున, ఇరవై, ఇరవై ఒక్క ఏళ్ల ఆటగాళ్లతో పద్దెనిమిదేళ్ల విద్యార్థి పోటీపడవలసి వస్తున్నది. రాబోయే సంవత్సరానికి విశ్వవిద్యాలయాల నుండి తిరిగి వస్తున్నవారు ఎందరు, వారు ఏ స్థానంలో ఆడేవారు అనే ప్రశ్నను సంతకానికి ముందు శిక్షకుని అడగవలెను. మారదలచిన విశ్వవిద్యాలయంలో అర్హత నియమాలు చూసే కార్యాలయాన్ని ఆ సంవత్సరపు నియమం ఏమిటో నేరుగా విచారించడం కూడా అవసరము.